నడిమి నుంచి కోత

కాకా పోయాడని నాకు ఒక ఫ్లెక్సీ ఫోటో చెప్పింది. దోహాలో, ఉమ్ ఘువైలినాలోని మా గదిలో టీ పెట్టి ఫోన్ తీస్తే, పాత ఫామ్ వాళ్ళ గ్రూపులో ఎవరో ఆ ఫోటో పెట్టి ఉన్నారు. జగిత్యాల అవతల వాళ్ళ ఊరి కూడలిలో కట్టిన ఫ్లెక్సీ. పైన శ్రద్ధాంజలి అని పెద్ద అక్షరాలు, కింద ఊళ్ళో కుర్రాళ్ళ ఫోటోలు ఒక వరస. మధ్యలో కాకా నీలం సూటు వేసుకుని, ఎర్ర టై కట్టుకుని ఉన్నాడు. ఎవరి సూటుకో ఆయన తల అతికించారు. నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్ళు మండింది. నేను ఆయన్ని చూసినన్నాళ్ళూ ఒంటి మీద కంపెనీ ఇచ్చిన బూడిదరంగు కవరాల్, తలకు గళ్ళ తువ్వాలు తప్ప మూడో గుడ్డ ఎరగను. టై కడితే ఆయన గంటసేపు కూడా ఓర్చుకునేవాడు కాదు. ఈ సూటు మనిషెవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషిని రాసుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు. ఈలోగా టీ పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు ఇంకా నాలుగేళ్ళుందనగా సంగతి. దోహా అంతా తవ్వి పోసి ఉండేది. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు. మా ఫామ్ ఆ గోలకు దూరంగా, అల్ ఖోర్ దాటి ఉత్తరాన ఉండేది. అయినా ఆ గాలి మాకూ సోకింది. సగం భూమిలో స్టేడియాలకూ ప్రాక్టీసు గ్రౌండ్లకూ వేసే గడ్డి పెంచి, చాపల్లా చుట్టి లారీలకెక్కించేవాళ్ళం. మిగతా సగంలో ఆవులకు మేత. ఆ మేత పొలాలు గుండ్రంగా ఉండేవి. నడిమధ్యన నీళ్ళ గొట్టం, దానికి తగిలించిన పొడవాటి ఇనుప చేయి చక్రాల మీద చుట్టూ తిరుగుతూ నీళ్ళు చల్లుతుంది. అలాంటివి ఆరు. సర్కిళ్ళు అనేవాళ్ళం. ఫామ్‌లో అందరికీ ఒకటి వరల్డ్ కప్ గడ్డి, రెండోది ఆవుల గడ్డి. మా మేనేజరు ఈజిప్టు ఆయన, అందరం ముదీర్ అనే పిలిచేవాళ్ళం. ఆయన ప్రాణమంతా వరల్డ్ కప్ గడ్డి మీదే. ఆవుల గడ్డి తెచ్చి నా నెత్తిన పెట్టాడు. నేను గుంటూరు జిల్లాలో వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. ఆ ముక్క అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకునేవాణ్ణి.

కాకా మావాడు కాదు. రాస్ లఫాన్‌లో కాంక్రీటు పనులు చేసే ఒక కంపెనీ, పని తక్కువైనప్పుడల్లా కొందరిని మాకు పంపించేది, అవసరమైతే మళ్ళీ లాక్కునేది. అలా వచ్చిన ఎనిమిది మందిలో ఆయనొకడు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళు బాగా అరిగిపోయి ఉన్నాయి. మొదటిరోజు గడ్డిలో ఆయన నడక చూసి నాకు చిరాకేసింది. ఒక అడుగు వేస్తాడు, ఆగుతాడు, తల పక్కకు వంచి వింటాడు, మళ్ళీ అడుగు వేస్తాడు. "ఏమయ్యా, పెళ్ళి చూపులకు వచ్చావా?" అని అరిచాను. ఆయన వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి నన్ను నోరు మూసుకోమన్నాడు. సూపర్‌వైజర్‌ని నోరు మూసుకోమన్న మొదటి లేబరు ఆయనే.

గడ్డిలో కౌజు పిట్టలున్నాయి. మా వైపు కముజులంటారు. కోడిపెట్టలో సగం ఉంటాయి, ఒంటినిండా సన్నటి గీతలు. ఎప్పుడో ఎవరో తెచ్చి వదిలారని కొందరంటారు, పొలాలొచ్చాక వాటంతటవే వచ్చి చేరాయని కొందరంటారు. నేను మూడేళ్ళుగా వాటి కూత వింటూనే ఉన్నాను గానీ, పంపు మోత ఎంతో అదీ అంతే అనుకున్నాను. కాకా రాగానే అది కూతగా వినిపించడం మొదలైంది. పొద్దున్నే పుంజు కూయగానే మా ట్రాక్టర్ డ్రైవర్ రఫీక్ భాయ్ చెవి మీద చెయ్యి పెట్టి, "సునో, సుభాన్ తేరీ ఖుద్రత్ బోల్‌రా" అనేవాడు. దేవుడా, నీ మహిమే మహిమ అని. రఫీక్ భాయ్‌ది నిర్మల్. తెలుగూ దక్కనీ కలిపి మాట్లాడతాడు.

"నీకు గట్ల వినొస్తది భాయ్. నీది మంచి మనసు" అనేవాడు కాకా. "మా ఇంట్ల అందరికీ అది కత్తి తేవే, కత్తి తేవే అన్నట్టే వినొచ్చేది."

వాళ్ళది పిట్టల్ని పట్టే ఇల్లు. వాళ్ళ నాన్న ఒక పుంజును పంజరంలో పెంచి చేలో పెట్టేవాడట. దాన్ని దీమం అంటారు. అది కూస్తే పోట్లాటకు వేరే పుంజులు వచ్చి వలలో పడేవి. కాకాకు దీమం అక్కర్లేదు. ఆయన నోరే దీమం. నాలుక మడిచి, గొంతులోంచి కూసేవాడు. సర్కిల్ అవతలి నుంచి పుంజు బదులిచ్చేది. ఇద్దరూ కాసేపు తిట్టుకునేవారు. "పొద్దుపొద్దుగాల్ల నాతోనే లొల్లి వెట్టుకుంటడు బాడ్కావ్" అని కాకా నవ్వుకుంటూ గడ్డి లాగే దంతె పట్టుకునేవాడు.

ఒకరోజు భోజనాల దగ్గర అడిగాను. ఇన్ని పిట్టలున్నాయి, నీకు పట్టడం వచ్చు, ఒక్కసారైనా కూర వండుకోలేదేం అని. ఇక్కడ వేట నేరమన్నది వేరే సంగతి. నేరమని మానేసేవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు.

"ఇంటికాడ మస్తు తిన్న సార్. ఈడికొచ్చినంక మనసొప్పలే" అన్నాడు అన్నం కలుపుతూ. "ఈ దేశంల నా ఊరి భాష మాట్లాడేటియి అవే ఉన్నయి. వాటినే తింటె ఎవలతోని మాట్లాడాలె?"

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నేను మాట్లాడేది ఆయన లెక్కలో తెలుగు కాదని అప్పుడు అర్థమైంది.

ఆ వసంతంలో మొదటి సర్కిల్ కోత అయ్యింది. కోసిన గడ్డి రెండు రోజులు ఎండనిచ్చి, దంతెలతో వరసలుగా లాగి, బేళ్ళు కడతాం. మూడో రోజు మధ్యాహ్నం కాకా నా ఆఫీసు కంటైనర్‌లోకి వచ్చి, మేత సంచి ఒకటి నేల మీద గుమ్మరించాడు. రెక్కలు, కాళ్ళు, నలిగిన గుడ్ల పెంకులు, వేలెడంత పిల్లలు. కంపు కొట్టింది. నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

"ఏంటిది?"

"మీరు కోసినయే సార్."

"మేం కోసింది గడ్డి."

"కాదు సార్. మీరు వేటాడిన్రు. ఎట్లాడాల్నో గట్లనే ఆడిన్రు. మా బాపు చూస్తే మిమ్ముల మెచ్చుకుంటుండె."

వెటకారమేమో అనుకుని ముఖం చూశాను. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెటకారం కాదు.

"మా దిక్కు జొన్న సేను సుట్టుముట్టు కోసుకుంట లోపలికొస్తం సార్" అన్నాడు, సంచి మడిచి దాని మీదే కూర్చుంటూ. "నడిమిట్ల జరంత సేను ఆపుతం. కుందేళ్ళు, కౌజులు అన్నీ అండ్లకే జరుగుతయి. బయటంత సాఫయింది గద, బయటికి రానీకి వాటికి భయం. ఇగ అందరం కట్టెలు వట్టుకొని సుట్టూత నిలవడ్తం. ఆఖరి కొడవలి వడ్డంక ఒక్కటి గూడ బత్కది. మీరు ట్రాక్టర్ తోని గదే చేస్తున్రు. కాకుంటే, మేము తినేటోళ్ళం. మీరు తింటనే లేరు."

ఆ ఆఖరి మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళుగా సర్కిల్‌ను అంచు నుంచి లోపలికి కోయిస్తున్నాను. ఎందుకంటే ఏముంది, అందరూ అలాగే కోస్తారు. రఫీక్ భాయ్ చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తాడు, నడిమధ్యన ఇంత ముక్క మిగులుతుంది, అది కూడా కోసేసి టీ తాగడానికి వస్తాడు. ఆ ముక్కలో ఏముందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. డిప్లొమాలో గడ్డిలో ప్రోటీన్ ఎంతో చెప్పారు గానీ ఇది చెప్పలేదు.

"అయితే ఏం చెయ్యమంటావు?" అన్నాను.

"నడిమిట్ల నుంచి మొదలువెట్టుండ్రి. బయటికి కోసుకుంట వోండ్రి. మిషను ముందట ముందట అవే పోతయి. కొసకు సెట్లున్నయి, అండ్ల జొర్రుతయి."

అంచున గాలికి అడ్డంగా వేసిన రేగు చెట్లున్నాయి, అరబ్బులు సిద్ర్ అంటారు. నిజమే. అంత చిన్న సంగతి. నేను ముదీర్ దగ్గరకు పరుగెత్తాను. ఆయన స్టేడియం గడ్డి వేర్లు భూతద్దంలో చూస్తున్నాడు. నా మాట సగం విని, "నీ పిట్టలు వరల్డ్ కప్ ఆడతాయా?" అన్నాడు. కోత ఆలస్యమైతే మిషనూ మనుషులూ తన గడ్డికి దొరకరని ఆయన బాధ. నేను నోరు మూసుకుని తిరిగి వచ్చాను. పిరికితనమే, ఒప్పుకుంటాను.

కాకా అడిగాడు, చెప్పాను. "మీరు నోటితోని చెప్పిన్రు గద సార్. అది చూపెట్టాలె" అని ఇనుప దంతె భుజాన వేసుకుని నడిచాడు. ఏం చేస్తాడోనని రఫీక్ భాయ్, నేను వెనకే పరుగెత్తాం.

కాకాకు వచ్చిన అరబీ ఇరవై మాటలు. ముదీర్‌ను చెయ్యి పట్టి యార్డు నడిమధ్యకు తెచ్చి నిలబెట్టాడు. మేనేజరును చెయ్యి పట్టి లాగిన లేబరును నేను మళ్ళీ చూడలేదు. దంతెతో ఇసుకలో ఆయన చుట్టూ పెద్ద గుండ్రం గీశాడు, దాని లోపల ఇంకొకటి, దాని లోపల ఇంకొకటి. దంతె పళ్ళు ముదీర్ బూట్లకు తగిలాక ఆగి, "వేన్ రూహ్?" అన్నాడు. ఎక్కడికి పోతావు అని. ముదీర్ చుట్టూ చూసుకున్నాడు. పోవడానికి చోటు లేదు. తర్వాత కాకా ఇసుక చదును చేసి, ఈసారి నడిమి నుంచి గియ్యడం మొదలుపెట్టాడు. ఒక్కో చుట్టుకీ దంతెతో ముదీర్‌ను ముందుకు తోస్తూ పోయాడు. పెద్దమనిషి వెనక్కి వెనక్కి నడిచి నడిచి రేకుల షెడ్డు నీడలోకి చేరాడు. "ఖలాస్. రూహ్ బైత్" అన్నాడు కాకా. అయిపోయింది, ఇంటికి పో.

ముదీర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగాక మాత్రం మళ్ళీ మేనేజరయ్యాడు. నావైపు తిరిగి, "ఒక్క సర్కిల్. అన్నిటికంటే చిన్నది. రేపు మధ్యాహ్నం జొహర్ నమాజు అజాన్ లోపల మొత్తం కోత అయిపోవాలి. కాకపోతే ఈ మనిషి ఎల్లుండి బస్సులో రాస్ లఫాన్ పోతాడు, మళ్ళీ రాడు. చెప్పు" అన్నాడు.

చెప్పాను. చెబుతూ, వద్దనమని కూడా అన్నాను. ఆ మోకాళ్ళతో మళ్ళీ కాంక్రీటు పనికి పోతే ఏమవుతుందో నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

"భయం లేదంటే అబద్ధమయితది సార్" అన్నాడు కాకా. "ఆడ మూడేండ్లు చేసిన. పొద్దంత సిమెంటే. ఒక్క పిట్ట కూత వినవడది. సరే అనుండ్రి."

మర్నాడు వెలుతురు రాగానే మొదలుపెట్టాం. కాకా అప్పటికే సర్కిలంతా తిరిగి, గూడు కనబడ్డ ప్రతిచోటా కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టాడు. పొదిగే పెట్ట ఎంత చప్పుడైనా లేవదు, మిషను మీదకొచ్చినా లేవదు. అందుకని కర్ర ఉన్నచోట మంచం పట్టేంత గడ్డి వదిలెయ్యాలి. రఫీక్ భాయ్ ట్రాక్టర్‌ను నడిమికి తీసుకుపోయి, పదిహేనేళ్ళ అలవాటు కొద్దీ కుడికి తిప్పాడు. మా కటింగ్ మిషను ట్రాక్టర్‌కు కుడి పక్కన ఉంటుంది. బయటి నుంచి వచ్చేటప్పుడు అది సరే. నడిమి నుంచి పోయేటప్పుడు అలా తిరిగితే కోసిన చోటే మళ్ళీ కోస్తుంది. రెండు చుట్లు తిరిగాక గానీ మాకు బోధపడలేదు.

"ఉల్టా చలావ్ భాయ్, ఎడమకు" అన్నాను.

"పంద్రా సాల్ సే సీదా చలారూ మై. ఇప్పుడు ఉల్టా అంటే చేతులు వినవు సార్" అన్నాడు. చేతులు నిజంగానే వినలేదు. గూటి కర్రల దగ్గర తప్పించబోయి రెండుసార్లు ఇరుక్కున్నాడు. ఎండెక్కింది. నేను నిమిషానికోసారి ఫోన్‌లో టైము చూస్తున్నాను. కాకా టైము చూడలేదు. డబ్బాలు కట్టిన తాడు ఒక కొన పట్టుకుని మిషను ముందు కుంటుతూ నడుస్తున్నాడు. రెండో కొన నేను పట్టుకున్నాను. డబ్బాల చప్పుడుకు గడ్డిలో ఏదో కదిలి ముందుకు జరుగుతున్నట్టు అప్పుడప్పుడు తెలిసేది. పైకి మాత్రం ఒక్కటీ కనబడలేదు.

పదకొండు దాటాక అంచున ఒక్క వరస మిగిలింది. ట్రాక్టర్ వెడల్పుకు రెండింతలు ఉంటుంది. అవతల ఇనుప చేయి చక్రాల దారి, బోడి నేల, ఆ తర్వాత రేగు చెట్లు. ఆ వరసలోకి ఇంకా మిషను పోలేదు. ముదీర్ పికప్‌లో వచ్చి దిగాడు. అజాన్‌కు ఇంకా కాస్త టైముంది. రఫీక్ భాయ్ గేరు వేశాడు.

"ఆగు భాయ్. బంద్ చెయ్" అన్నాడు కాకా.

"కాకా, టైం నై హై."

"బంద్ చెయ్ అంటున్న గద. అన్నీ అండ్లనే ఉన్నయి. బోడి నేల దాటనీకి జంకుతున్నయి. ఇప్పుడు మిషను వెడితే పొద్దటి సంది చేసిందంత గంగల కలుస్తది."

రఫీక్ భాయ్ నావైపు చూశాడు. నేను ముదీర్‌వైపు చూశాను. ముదీర్ గడియారం వైపు చూశాడు. ఆ వరస కోయించేస్తే కాకా ఉంటాడు, పిట్టలు పోతాయి. ఆపితే పిట్టలు ఉంటాయి, కాకా పోతాడు. ఏదన్నది నేనే చెప్పాలి. బతుకులో మొదటిసారి నా నోటి నుంచి సరైన మాట వచ్చింది. "ఆపు భాయ్" అన్నాను.

ఇంజను ఆగింది. కాకా తాడు పడేసి, చుట్టూ తిరిగి అవతల చెట్ల కిందికి పోయాడు. ఆ మోకాళ్ళతో గొంతుక్కూర్చుని, నాలుక మడిచి కూశాడు. పోట్లాటకు పిలిచే పుంజు కూత కాదది. పిల్లలను దగ్గరకు పిలిచే పెట్ట గొంతు. అంతకు ముందెప్పుడూ నేను వినలేదు. మూడుసార్లు పిలిచి ఆగాడు. ఎవరమూ కదలలేదు.

గడ్డి అంచున ఒక తల కనబడింది. పెట్ట ఇటూ అటూ చూసి బోడి నేల మీదకు దిగింది. దాని వెనక ఒక పిల్ల, ఇంకొకటి, ఇంకొకటి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తాయి. చెట్ల కిందికి చేరిపోయాయి. పది అడుగుల అవతల ఇంకో పెట్ట. అటుపక్క ఇంకొకటి. "వాహిద్, ఇత్నేన్, తలాతా" అని ముదీర్ వేళ్ళు మడిచి లెక్కపెట్టసాగాడు. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, మధ్యలో మర్చిపోయి, లెక్క మానేసి ఊరికే చూస్తూ నిలబడ్డాడు. రఫీక్ భాయ్ ట్రాక్టర్ మీదే నిలబడి, "సుభానల్లా, సుభానల్లా" అంటున్నాడు. నా కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. సిగ్గుపడలేదు.

అప్పుడు అజాన్ వినబడింది. వరస అలాగే నిలబడి ఉంది.

కాకా చెట్ల కింద నుంచి లేచి, కవరాల్‌కు అంటిన ఇసుక దులుపుకుంటూ వచ్చాడు. "టైమయింది గద సార్. పోయి నా సంచి సదురుకుంట" అన్నాడు. ముఖంలో ఓడిపోయిన జాడ వెతికినా లేదు. అంత నిండుగా ఉన్న మనిషిని నేను చూడలేదు.

కాకా ఏమంటున్నాడని ముదీర్ నన్ను అడిగాడు. చెప్పాను. ఆయన ఫోన్ తీసి రాస్ లఫాన్ కంపెనీ క్యాంప్ బాసుకు కలిపి, మా ముందే గట్టిగా మాట్లాడాడు. అవతలివాడు ఏదో అడిగినట్టున్నాడు. "మాఫీ, కుదరదు. ఈ మనిషిని నేనివ్వను. నా దగ్గరే ఉంటాడు" అని పెట్టేశాడు. తర్వాత మిగిలిన వరస వైపు చెయ్యి చూపించి, "దాన్ని కొయ్యొద్దు. ఎప్పుడూ కొయ్యొద్దు" అన్నాడు నాతో.

"ఏమంటున్నడు సార్?" అన్నాడు కాకా.

"నిన్ను ఇవ్వనంటున్నాడు కాకా. ఆ వరస కూడా వాటికే వదిలెయ్యమంటున్నాడు."

అప్పటిదాకా ఆయన్ని ఏమయ్యా, ఓయ్ అని తప్ప పిలవలేదు నేను. ఆయన ఆ సంగతి గమనించాడో లేదో. తువ్వాలు తీసి ముఖమంతా చాలాసేపు తుడుచుకున్నాడు. తువ్వాలు వెనక భుజాలు కదులుతున్నాయి. ముఖం బయటికొచ్చేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి గానీ పెదాలు చెవులదాకా సాగి ఉన్నాయి.

"మరి ఇంక నాలుగు సర్కిళ్ళున్నయి గద సార్" అన్నాడు.

రఫీక్ భాయ్ స్టీరింగ్ మీద తల ఆనించి మూలిగాడు. దిగి నమాజుకు పోయాడు. తిరిగొచ్చి ట్రాక్టరెక్కి, ఈసారి ఎవరూ చెప్పకుండానే పక్క సర్కిల్ నడిమికి పోయి, ఎడమకు తిప్పాడు.